నిద్ర లేని సిస్టర్‌కి నిబద్ధత పాఠమా?

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది ఆ వాట్సాప్ ఫార్వర్డు. నెల్లూరు బ్యాచ్ గ్రూపులో ఒకసారి, ఇక్కడ చెన్నైలో మా హాస్పిటల్ గ్రూపులో రెండుసార్లు, చివరికి మా పిన్ని దగ్గర్నుంచి. "నర్సుల వాలంటీర్ సంఘాలు ఎందుకు నిలబడవు: 4 చేదు నిజాలు". కింద దణ్ణం పెట్టే బొమ్మ.

మొదటి చేదు నిజం: డ్యూటీలు చేసుకుంటూ సంఘం నడిపేవాళ్ల వల్ల ఏదీ మారలేదట. 2017 నవంబరులో చెన్నై తేనాంపేటలో ప్రభుత్వ వైద్య సేవల డైరెక్టరేట్ (డీఎంఎస్) ఆవరణలో బైఠాయించిందెవరు మరి? నెలకు 7,700 రూపాయల కన్సాలిడేటెడ్ జీతం, అంటే భత్యాలు లేని ఏకమొత్తం మీద నెట్టుకొస్తున్న నర్సులే. ఆ జీతం తర్వాత 14,000 అయింది. కేరళలో ఏళ్ల తరబడి సమ్మెలు చేస్తే 2018లో ప్రైవేటు నర్సులకు కనీసం 20,000 అని నోటిఫికేషన్ వచ్చింది.

రెండోది: వాట్సాప్ గ్రూపు ఉండగా మీటింగులెందుకట. ఆ గ్రూపుల్లోనే ఇది మూడుసార్లు తిరిగింది. ఇంకేం చెప్పను.

మూడోది చదివితే ఒళ్లు మండింది. "మధ్యలో మానేసేవాళ్లకి నిబద్ధత లేదు. సేవాభావం ఉంటే అలసట రాదు."

మా నర్సుల సంఘం కమిటీలో ఒక సిస్టర్ ఉంది. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ సిఫార్సులు ఆమెకు నోటికి వచ్చు: 200 పడకలు దాటిన ప్రైవేటు హాస్పిటల్లో సర్కారు నర్సుతో సమానంగా జీతం, 50 లోపు పడకలున్నా కనీసం 20,000. అమలు చేయాల్సింది రాష్ట్రాలు. అంటే సెక్రటేరియట్ చుట్టూ చెప్పులరిగేలా తిరగాలి. ఒకరోజు పన్నెండు గంటల నైట్ దిగి, హ్యాండోవర్ ఇచ్చి నేరుగా మీటింగుకి వచ్చింది. టీ మీద మీగడ కట్టింది, ఆమె కప్పు పట్టుకునే నిద్రపోయింది. ఈమెకా నిబద్ధత లేనిది?

తర్వాత ప్రసవానికి పుట్టింటికి వెళ్లింది. వినతిపత్రం ఆమె ఫోన్లోనే ఉండిపోయింది, గడువు దాటిపోయింది. తప్పు ఆమెదా, అన్నీ ఆమె నెత్తినే పెట్టిన మాదా? ఇప్పుడు ప్రతి పనికీ ఇద్దరం ఉంటున్నాం. ఆటో ఖర్చు చందాలోంచి ఇస్తున్నాం. మీటింగు మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు మారాక, నలభై నిమిషాలే. ఎవర్ని కలిశాం, ఫైలు ఏ సెక్షన్లో ఉంది, మళ్లీ ఎప్పుడెళ్లాలి, అన్నీ నోటుపుస్తకంలో రాస్తున్నాం. సేవాభావం చూసి ఏ గుమాస్తా ఫైలు తియ్యడు నాయనా, నంబరు అడుగుతాడు.

అలసట రాదట! ఈ మాట రాసిన మహానుభావుడు ఒక్క వారం ఐసీయూలో నైట్లు చేసి, పగలు సెక్షన్ ఆఫీసర్ కోసం బెంచీ మీద పడిగాపులు కాయాలి. మూడో రోజుకి ఆ బెంచీ మీదే గుర్రుపెడతాడు.

నాలుగోది: "ఎప్పుడూ అవే ముఖాలు."

ఇది మాత్రం నిజం. తొమ్మిదేళ్లుగా కార్యదర్శిని నేనే. "ఎవరూ ముందుకు రావట్లేదు, ఏం చేస్తాం" అంటూ ఉంటాను. ఎవర్నైనా అడిగానా అంటే, లేదు. మొన్న డ్యూటీలో చేరి ఏడాదైన ఒక పిల్లకి మినిట్స్ రాయమని పుస్తకం ఇచ్చాను. "అక్కా, పాత పేజీల్లో మీ చేతిరాత అర్థం కావట్లేదు" అంది. పక్కన కూర్చుని చదివి వినిపించాను. మూడు చోట్ల నాకూ అర్థం కాలేదు.