ఆ తెల్ల డబ్బా ఎప్పటిది?

మా వీధి మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఇప్పుడు నిలబడేది నడివయసువాళ్లే. టెన్త్, ఇంటర్ పిల్లలంతా మోమోలు, షవర్మాల దగ్గరే. అంతకుముందు నూడుల్స్, మంచూరియా అనేవాళ్లు. రుచులు మారితే తప్పని నేననను, బజ్జీ కూడా నూనెలో మునిగి తేలేదే. నా బాధంతా వాటితో నంజుకోవడానికి ఇచ్చే తెల్లటి క్రీము, మయోనైజ్ గురించి. పచ్చి గుడ్డుతో చేసి గంటల తరబడి ఎండలో పెడితే కడుపు పాడుచేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా పెరగదా? అందుకేగా 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్ల మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది! అయినా ఏ పిల్లాడూ దాన్ని దేంతో చేశారని అడగడు. "అన్నా, ఇంకొంచెం మయో" అంటాడు. బజ్జీ అయితే కళ్లముందే సలసల కాగే నూనెలోంచి వస్తుంది. ఈ మయోనైజ్ డబ్బా ఎప్పుడు నింపారో ఎవరు చెప్తారు? అమ్మేవాళ్లైనా ఫ్రిజ్‌లో పెట్టాలి కదా, తినేది పిల్లలు!