"అక్కడ ఇండియన్ మెస్ ఉంటుందా బావా?"

నిన్న మా అత్త కొడుకు ఫోన్ చేశాడు. నీట్‌లో అనుకున్న మార్కులు రాలేదు, చైనాలో ఎంబీబీఎస్‌కి పంపుదామని ఇంట్లో ఆలోచన. కన్సల్టెన్సీ వాళ్లు రంగుల బ్రోచర్ కూడా ఇచ్చారట. వాడి మొదటి ప్రశ్న: "బావా, అక్కడ ఇండియన్ మెస్ ఉంటుందా?"

ఉంటుందిరా. మమ్మల్ని ముంచిందే ఆ మెస్సు.

నేను చదివింది చైనాలోని సిచువాన్ ప్రావిన్స్‌లో. కాలేజీ పేరు, ఆస్పత్రి పేరు ఇక్కడ అనవసరం. గదిలో తెలుగువాళ్లు, పక్క గదిలో తెలుగువాళ్లు, క్లాసులు ఇంగ్లిష్‌లో, రాత్రికి పప్పూ అన్నం. సిచువాన్ వంటంటేనే ఎండుమిర్చి. మన తేజ మిర్చి టన్నులకి టన్నులు చైనాకే పోతుంది. మేమేమో ఆ మిర్చి మధ్యన కూర్చుని కారం దొరకట్లేదని ఇంటికి ఫోన్లు చేసి ఏడ్చేవాళ్లం. చైనీస్ క్లాసు కూడా ఉండేది, కానీ అది హెచ్‌ఎస్‌కే అనే చైనీస్ భాషా పరీక్ష గట్టెక్కడానికే. మా లెక్క మాకుంది మరి. ఇండియాకి తిరిగొచ్చాక రాయాల్సింది ఎఫ్‌ఎంజీఈ, విదేశాల్లో ఎంబీబీఎస్ చేసినవాళ్లకి ఇక్కడ పెట్టే పరీక్ష. 300 ప్రశ్నలు, 150 వస్తే పాస్, అంతా ఇంగ్లిష్. అందులో ఒక్క చైనీస్ అక్షరం ఉండదు, మరి దాని మీద టైం ఎందుకు? అలా అనుకుని క్వశ్చన్ బ్యాంకులు ముందేసుకుని కూర్చున్నాం.

తర్వాత వార్డులో వేశారు.

పొద్దున ఎనిమిదికి రౌండ్స్. ముందు మా మేడం, ఆవిడ వెనక అక్కడి పీజీలు, వాళ్ల వెనక వాళ్ల జూనియర్లు, అందరి వెనకా మేం. కేస్ షీట్ మొత్తం కంప్యూటర్లో, చైనీస్‌లో. మొదటి వారమే మేడం నన్ను ముందుకి పిలిచి ఒక పెద్దాయన దగ్గర హిస్టరీ తీసుకోమంది. ఎక్కడ బాధగా ఉందని అడిగాను. ఆయన "నావ్‌ఖో తోంగ్" అన్నాడు. తోంగ్ అంటే నొప్పి, అది తెలుసు. నావ్‌ఖో ఏమిటి? పుస్తకంలో ఎక్కడా చదివిన గుర్తు లేదు. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని పడుకున్నాడు కదా అని పొట్ట నొక్కడం మొదలుపెట్టాను. వార్డంతా ఒకటే నవ్వు. ఆయన కూడా నవ్వాడు పాపం, అంత తలనొప్పిలోనూ.

అవును, తలనొప్పే. పుస్తకంలో "థోవ్ తోంగ్" అని నేర్పారు. సిచువాన్ యాసలో తలని నావ్‌ఖో అంటారు. "శిరోవేదన" బట్టీ పట్టి వచ్చినవాడి ముందు మన ఊరి తాత "బుర్ర పగిలిపోతోందయ్యా" అన్నట్టు. "లేదు"కి మేం నేర్చుకున్నది మెయ్‌యో, వాళ్లనేది మెయ్‌దె. అలర్జీ ఉందా అంటే "మెయ్‌దె" అంటారు, మనం నోరు తెరుచుకుని చూస్తాం.

ఆ తర్వాత ఆరు వారాలు నన్నెవరూ ముందుకి పిలవలేదు. వాళ్లని ఏం అంటాం? అంత రద్దీలో నా కోసం ఎవడు ఆగుతాడు? మన నేషనల్ మెడికల్ కమిషన్ 2021 నిబంధనల ప్రకారం 54 నెలల కోర్సు మీద, అదే సంస్థలో ఇంకో 12 నెలల ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. ఏడాది పాటు గోడకానుకుని నిలబడితే అది ఇంటర్న్‌షిప్ అవుతుందా? 2022లో బీజింగ్‌లోని మన ఎంబసీయే లెక్క చెప్పింది: 2015 నుంచి 2021 దాకా చైనాలో చదివి ఎఫ్‌ఎంజీఈ రాసినవాళ్లు 40,417 మంది, పాసైనవాళ్లు 6,387 మంది. ఈ అంకె బ్రోచర్లో ఏ పేజీలో ఉందో మా వాణ్ణి వెతకమన్నాను.

నాకు భాష కాస్తో కూస్తో వచ్చింది క్లాసులో కాదు, రైల్లో. 1970లో మొదలైన చెంగ్డు–కున్మింగ్ పాత లైను మీద ల్యాంగ్‌షాన్ కొండల్లో ఒక ప్యాసింజర్ తిరుగుతుంది, పుష్యోంగ్ నుంచి పంజిహువా వైపు. కనీస టికెట్ 2 యువాన్లు. కోళ్లు, మేకలు, కూరగాయల బుట్టలు అన్నీ ఎక్కుతాయి. నా ఎదుటి సీట్లో "యీ" అనే కొండ తెగ ముసలమ్మ, ఒళ్లో కోడి, పక్కన పదేళ్ల మనవడు. ఆవిడకి చైనీస్ రాదు. మనవడే మా ఇద్దరికీ దుబాసీ. నేను తప్పు పలికినప్పుడల్లా సరిదిద్దేవాడు, మొహమాటం లేకుండా. మా సార్లు ఎవరూ ఆ పని చెయ్యలేదు.

తర్వాత వార్డుకి అలాంటి ముసలమ్మే వస్తే మా మేడం కూడా నాలాగే తెల్లమొహం వేసింది. పాడేరు ఏజెన్సీ నుంచి వచ్చినామె తన కువి భాషలో మాట్లాడితే విశాఖ డాక్టరు వేసే మొహమే. ఆ రోజు నా సిగ్గు సగం పోయింది.

మిగతా సగం లితాంగ్‌లో పోయింది. చెంగ్డు ఉన్నది సుమారు 500 మీటర్ల ఎత్తులో. అక్కణ్ణుంచి కాంగ్‌డింగ్ దాటి, 4,298 మీటర్ల జెదువో కనుమ ఎక్కి, 4,000 మీటర్ల పైనున్న లితాంగ్‌కి తొందరపడి వెళ్లిపోయాం. ఎత్తు ప్రదేశాల్లో వచ్చే జబ్బుకి వాడే ఎసిటజోలమైడ్ ఎలా పనిచేస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను, బ్యాగులో మాత్రం ఒక్క మాత్ర లేదు. రాత్రికి వాంతులు, తల రెండు చెక్కలయ్యేట్టు పోటు. చిన్న క్లినిక్‌కి మోసుకెళ్లినంత పని చేశారు ఫ్రెండ్స్. టిబెటన్ డాక్టరమ్మ ఏమైందని అడిగింది. ఇంగ్లిష్ రాలేదు, పుస్తకం మాటా రాలేదు. నోట్లోంచి దానంతటదే వచ్చింది: "నావ్‌ఖో తోంగ్." ఆవిడ ఇంకో ప్రశ్న వెయ్యలేదు, ఆక్సిజన్ పెట్టి వేణ్ణీళ్లు చేతికిచ్చింది. (చైనాలో దేనికైనా ముందు వేణ్ణీళ్లే. దీని మీద ఇంకో పోస్ట్ రాయొచ్చు.)

ఇదంతా గంటసేపు ఫోన్లో మావాడికి చెప్పాను. వాడడగాల్సిన ప్రశ్నలు కూడా చెప్పాను: వార్డులో యాస ఎవరు నేర్పుతారు, మొదటి ఏడాది నుంచే పేషెంట్లతో మాట్లాడనిస్తారా, సీనియర్లలో ఎంతమంది సొంతంగా హిస్టరీ తీసుకోగలుగుతున్నారు. ముప్పై సిచువాన్ మాటలు వాయిస్ మెసేజ్ చేసి పంపాను. బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

ఇవాళ పొద్దున్న మామయ్య ఫోన్. "ఏరా, జార్జియా గురించి నీకేమన్నా తెలుసా?"