పురానాపూల్ దాటే విధానం

హైదరాబాదులో మూసీ మీదున్న పురానాపూల్‌లో ఒక పెద్ద లోపముంది. 1578లో దాన్ని కట్టించిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా, దాని మీద జనం నడుస్తారనుకున్నాడు. నాలుగు శతాబ్దాలు దాటినా జనం ఆ మాట పట్టుకునే ఉన్నారు. వారసత్వ కట్టడమన్నాక చుట్టూ కంచె వేయాలి, బోర్డు పెట్టాలి, టికెట్టు కొట్టాలి. దేనికి కట్టారో దానికే వాడేస్తే ఇక చరిత్రకు గౌరవమెక్కడ?

ముందు కొలతలు. పొడవు సుమారు 600 అడుగులు, వెడల్పు 35, కమానులు 22. అంగకు రెండున్నర అడుగుల లెక్కన 240 అంగలు, అంటే మూడు నిమిషాల పని. పైగా బండ్లకు పక్కనే వేరే వంతెన ఉంది. అయితే ఈ లెక్క కాగితం మీదిది, కాగితం మీద కూరగాయలు అమ్మరు. వంతెన మీద రెండు పిట్టగోడల వెంటా పట్టాలు పరిచి టమాటాలు, వంకాయలు గుట్టలు పోస్తారు. కాబట్టి మధ్యదారి పట్టుకోండి. టార్పాలిన్ తాళ్లు సరిగ్గా పొడగరి మెడ ఎత్తులో ఉంటాయి, తల వంచండి. అలాగని కిందే చూస్తే తాడు, పైనే చూస్తే క్యాబేజీ ఆకు: దాని మీద కాలేస్తే మూడు నిమిషాల నడక మూడు వారాల మంచమవుతుంది. వెనక నుంచి ‘జర జరుగన్నా’ అని వినపడితే తిరిగి చూడొద్దు, జరగండి. చూసేలోపు తట్ట మోకాలికి తగులుతుంది.

మధ్యలో ఆగి ప్రేమకథ చెప్పుకోవడం ఆచారం. వరదలో ఏరు దాటి భాగమతి కోసం వెళ్లిన కొడుకు మహమ్మద్ కులీని చూసి తండ్రి గుండె కరిగి వంతెన వేయించాడట. వంతెన కట్టేనాటికి ఆ ప్రేమికుడికి పన్నెండో పదమూడో ఏళ్లు. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే సరుకులకు మూసీ అడ్డం అంటే మాత్రం ఎవరు సెల్ఫీ దిగుతారు?

వజ్రాల వ్యాపారి టావెర్నియే ఈ వంతెన అందం ప్యారిస్‌లోని ‘పాంట్ నఫ్’కి పెద్దగా తీసిపోదని రాశాడు. దానికీ పునాదిరాయి పడింది 1578లోనే. ఆ పేరుకు అర్థం ‘కొత్త వంతెన’. ఒకే ఏడు పుట్టిన ఇద్దరిలో వాళ్లది ఇంకా కొత్తది, మనది పేరులోనే ముసలిది. బారసాలనాడే తాతయ్యా అని పిలిచినట్టుంది.

1908 సెప్టెంబరు 28 నాటి వరద వేలమందిని మింగింది. అప్పుడు దెబ్బతిని, మరమ్మతులతో నిలదొక్కుకున్న ఈ వంతెన ఇప్పుడు తోటకూర కట్టల బరువుకు కుంగిపోతుందని పెద్దల ఆందోళన. రాతి సందుల్లో మొలిచే రావి మొక్క గురించి మాత్రం ఎవరికీ దిగులు లేదు. కాకి రెట్టలో విత్తు పడి, డంగు సున్నంలోకి వేరు దిగి, ఆ వేరు లావెక్కి రాయిని పక్కకు నెడుతుంది. ఏడాదికోసారి పైపైన నరికి ఫొటో తీయించుకుంటే చాలు, అది రెట్టింపు కొమ్మలతో లేస్తుంది. వేరుతో సహా చంపి, ఆ సందును మళ్లీ సున్నంతోనే నింపాలంటే ఓపిక కావాలి. సిమెంటు పూయడం సులువు. సున్నం తడి పీల్చి వదిలేస్తుంది. సిమెంటు వదలనివ్వదు. తడి లోపలే నిలిచి సున్నం గుల్లబారుతుంది, పైకి గోడ నున్నగా కనిపిస్తుంది. బిల్లు పాసవడానికి ఆ నునుపు చాలు.

ఇంతకీ ఆ రావికి నీళ్లెక్కడివంటారా? పాలకూర వాడకుండా గంటకోసారి చల్లుతారు కదా, కాలువ రంధ్రాలు చెత్తతో పూడితే ఆ నీళ్లు సందుల్లోకే దిగుతాయి. మొత్తం మీద వంతెన మీద వేళకు నీళ్లందుతున్న మొక్క అదొక్కటే.