పుల్ల గుచ్చి చూడలేని వరద

ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. లంక గ్రామాల పెద్దవాళ్లు ఈ అంకెలు వింటారు. నమ్మేది మాత్రం పుల్లను. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, కాసేపాగి వచ్చి చూస్తారు. మునిగితే సామాను అటకెక్కుతుంది. మునగకపోతే ‘ఎనభై ఆరు కంటే పెద్దదా ఏమిటి’ అనుకుంటూ పొయ్యి మీద కాఫీకి నీళ్లు పెడతారు. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లకు అదే కొలబద్ద.

డార్క్‌నెట్‌లో, అంటే మామూలు బ్రౌజర్‌కు అందని ఇంటర్నెట్ చాటు మూలలో, మత్తుమందు కొనే కుర్రాడు కూడా ఒక పుల్ల గుచ్చుకునే కూర్చుంటాడు. అది అమ్మకందారుకు వచ్చిన రేటింగ్. వందలమంది ‘సరుకు అందింది, బాగుంది’ అని రాశారు కాబట్టి భయం లేదని అతని లెక్క. మూర్ఖత్వమని కొట్టిపారేయలేం. సందులో ముక్కూమొహం తెలియని వాడి దగ్గర కొనడం కంటే ఇలా కొన్నప్పుడు బెదిరింపులు, కొట్లాటలు తక్కువని విదేశాల్లో జరిగిన సర్వేల్లో కొనుగోలుదారులే చెప్పారు. అంతవరకు నిజమే.

చిక్కు పుల్లలోనే ఉంది. లంకలో గుచ్చిన పుల్ల నదినే కొలుస్తుంది. రేటింగ్ కొలిచేది క్షేమంగా బయటపడినవాళ్లను మాత్రమే. పోలీసులకు చిక్కినవాడు వెనక్కి వచ్చి ఒక్క నక్షత్రం ఇవ్వడు. మోతాదు వికటించి ఆస్పత్రి పాలైనవాడూ రాయడు. పొట్లంలో ఏ రసాయనం ఎంత ఉందో, ‘బాగుంది’ అన్నవాడికి మాత్రం ఏం తెలుసు?

2017లో హాన్సా అనే డార్క్‌నెట్ అంగడి విషయంలో జరిగింది చూడండి. నెదర్లాండ్స్ పోలీసులు దాన్ని చడీచప్పుడు లేకుండా స్వాధీనం చేసుకుని, జూన్ 20 నుంచి నెల రోజులు తామే నడిపారు. ఈలోగా ఆల్ఫాబే అనే ఇంకా పెద్ద అంగడి మూతపడితే అక్కడివాళ్లంతా ‘సురక్షితం’ అనుకుని హాన్సాకే ఎగబడ్డారు. బేరాలు ఎప్పటిలాగే సాగాయి. పుల్ల ఒక్క అంగుళం కూడా మునగలేదు. చివరికి 10 వేలకు పైగా విదేశీ కొనుగోలుదారుల చిరునామాలు యూరప్ దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్‌కు చేరాయి.

డబ్బు సంగతి మన వాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. చీటీలు కట్టించుకుని, ఒక తెల్లవారుజామున ఇంటికి తాళం వేసి వెళ్లిపోయినవాడి కథ డెల్టాలో ప్రతి ఊరికీ ఒకటుంటుంది. (కంప్యూటర్ కుర్రాళ్లు దాచుకునే ఐపీ, అంటే ఇంటర్నెట్‌లో వాళ్ల చిరునామా, వేరు; దివాలా తీసి చేతులెత్తేసే మన ‘ఐపీ పెట్టడం’ వేరు. ఈ అంగళ్లలో రెండో ఐపీయే అసలు గండం.) సరుకు అందేదాకా సొమ్ము మధ్యవర్తిగా తన దగ్గరే ఉంచుకునే అంగడి, ఆ సొమ్ముతోనే ఉడాయిస్తుంది. 2015లో ఎవల్యూషన్ అనే అంగడి చేసింది అదే. 2024లో ఇన్‌కాగ్నిటో అనే మరో అంగడి ఇంకో మెట్టు పైకెక్కింది. డబ్బు ఆపేయడమే కాక, అదనంగా కట్టకపోతే మీ లావాదేవీలన్నీ బయటపెడతానని బెదిరించింది.

గంజాయి అనగానే మన కళ్ల ముందు ఏజెన్సీ నుంచి రాజమహేంద్రవరం మీదుగా హైవే ఎక్కే లారీ, అడుగున మూటలు, చుట్టూ పోలీసులు కనిపిస్తారు. నేరానికి మనం ఇచ్చుకున్న రూపం అది. కవరులో వచ్చే, ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు ఇంకించిన తపాలా బిళ్లంత కాగితం ఆ బొమ్మలో ఇమడదు. చట్టం కొలత వేరు. మత్తుమందులను అరికట్టే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. ఎల్‌ఎస్‌డీకి ఆ గీత 0.1 గ్రాము. దాటితే రెండింటికీ కనీసం పదేళ్ల జైలు. ‘నాది చిన్న కాగితమే కదా’ అన్న ధీమాకు తక్కెడ దగ్గర విలువ లేదు.

కాలేజీల ముందు జరిగే అవగాహన ర్యాలీలు ఈ కొలతలు చెప్పవు, పుర్రె బొమ్మలు చూపిస్తాయి. పక్క గదిలో వాడేవాడు పరీక్షలు రాసి పాసవుతుంటే పుర్రెను ఎవరు నమ్ముతారు? ఇప్పటికే అలవాటుపడి, తానుగా గుర్తింపు పొందిన ఆస్పత్రిలో చికిత్సకు వెళ్లేవాడికి కొన్ని షరతులతో ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇచ్చే 64ఏ సెక్షన్ అదే చట్టంలో ఉంది. ఏ బ్యానర్ మీదా నేను చూడలేదు.

ఇక ఆఖరి మైలు. బ్రౌజర్‌లో ఎన్ని ముసుగులు వేసినా పార్సిల్‌కు ఒక పేరు, పిన్‌కోడ్ కావాలి. కోనసీమలో చాలా ఇళ్లకు డోరు నంబరు వెతికే పనే లేదు. ‘రామాలయం ఎదురుగా, కొబ్బరితోట పక్కన, ఫలానా మాస్టారి ఇల్లు’ అంటే చాలు. కొరియర్ కుర్రాడు కాలువ గట్టు మీద బండి ఆపి, ఎదురొచ్చిన మనిషిని అడిగి మరీ వస్తాడు. అప్పటికి కొన్నవాడు భీమవరంలోనో కాకినాడలోనో క్లాసులో ఉంటాడు. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ అమ్మ వచ్చి, ఏవో పుస్తకాలు కాబోలనుకుని సంతకం పెడుతుంది.