కేసు నమోదైంది, కారణం నమోదు కాలేదు

సాలూరు నుంచి కొరాపుట్ వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి మీద, సుంకి ఘాట్‌లో లారీ బోల్తా పడితే మర్నాటి వార్తలో సాధారణంగా రెండు కారణాల్లో ఒకటి కనిపిస్తుంది. బ్రేకులు ఫెయిలయ్యాయి, లేదా డ్రైవర్ నిద్రమత్తులో ఉన్నాడు. బ్రేకులు ఎందుకు ఫెయిలయ్యాయి? లోడు ఎంత ఉంది? ఘాట్ దిగుతూ బండి ఏ గేరులో ఉంది? అదే మలుపులో అంతకుముందు ఎన్ని బళ్లు వెంట్రుకవాసిలో బయటపడ్డాయి? వీటికి జవాబు వెతకడమే పనిగా ఉన్న స్వతంత్ర సంస్థ రోడ్ల విషయంలో మనకు లేదు. పోలీస్ స్టేషన్ ఉంది. అక్కడ రాసేది కేసు.

కేసు రాయడం తప్పు అనడం లేదు. భారతీయ న్యాయ సంహితలో 281, 106 సెక్షన్ల కింద కేసు నిలబడాలంటే అతివేగమో నిర్లక్ష్యమో ఉందని చూపించాలి. అందుకే ఎఫ్ఐఆర్‌లో ఆ మాటలే ఉంటాయి. సెక్షన్‌కు కావాల్సిందే కారణమై కూర్చుంటుంది. రోడ్డు వాలు, రక్షణ గోడ, పర్మిట్, డ్రైవర్ ఎన్ని గంటలుగా స్టీరింగ్ మీద ఉన్నాడు అనేవి పక్కకు పోతాయి.

అదే కొరాపుట్ జిల్లాలోని జయపురంలో రెండో పద్ధతి కూడా ఉంది, గాలిలో ఎగిరేవాళ్లకు. అక్కడి ఎయిర్‌స్ట్రిప్‌లో దిగే చిన్న విమానం రన్‌వే పక్కకు జారిందనుకుందాం. ఎవరికీ గీత కూడా పడకపోయినా ఆ సంగతి విమాన ప్రమాద దర్యాప్తు సంస్థకు చేరాలి. 2012లో ఏర్పాటైన ఆ సంస్థకు 2017 నియమాల ప్రకారం వీలైనంత త్వరగా, ఆలస్యమైనా 24 గంటల్లోపు సమాచారం అందాలి. దర్యాప్తు ఉద్దేశం ఎవరి తప్పో తేల్చడం కాదనీ, మళ్లీ జరగకుండా చూడటమేననీ ఆ నియమాల్లోనే రాసుంది. వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఎక్కే విమానానికి ఈ ఏర్పాటు. అదే ఊరి బస్టాండ్ నుంచి టాపు మీద కూడా జనంతో బయల్దేరే బస్సుకు లేదు.

రైళ్లది ఈ రెండింటి మధ్య పరిస్థితి. 1989 రైల్వే చట్టంలో 113వ సెక్షన్ ప్రకారం ప్రాణనష్టం జరిగినా, ప్రయాణికుల రైలు ఢీకొన్నా, పట్టాలు తప్పినా దగ్గర్లోని స్టేషన్ మాస్టర్ జిల్లా మేజిస్ట్రేట్‌కు, ఎస్పీకి తెలియజేయాలి. రైల్వే యంత్రాంగం రాష్ట్ర ప్రభుత్వానికి, రైల్వే భద్రతా కమిషనర్‌కు చెప్పాలి. ఈ కమిషనర్లు రైల్వే శాఖ కింద ఉండరు, పౌర విమానయాన శాఖ కింద ఉంటారు. వినడానికి విడ్డూరంగా ఉన్నా కారణం మంచిదే. రైళ్లు నడిపేవాళ్లే రైలు ప్రమాదం మీద తీర్పు చెప్పకూడదని 1941లోనే వీళ్లను రైల్వే బోర్డు అజమాయిషీ నుంచి తప్పించారు.

అయినా ఒక చోట తాడు తెగుతోంది. 2023 జూన్ 2న బాలేశ్వర్ జిల్లా బహానగా బజార్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సును ఢీకొని 290 మందికి పైగా చనిపోయారు. మన వైపు నుంచి ఎంతోమంది ఎక్కే రైలు అది. కమిషనర్ నివేదికలోని అంశాలు పత్రికల్లో వచ్చినప్పుడు అందరూ సిగ్నల్ వైరింగ్ తప్పు గురించే మాట్లాడుకున్నారు. నాకు మాత్రం అంతకన్నా ముఖ్యంగా కనిపించింది ఇంకో అంశం. 2022 మే 16న అదే ఖరగ్‌పూర్ డివిజన్‌లోని బాంక్రానయాబాజ్ స్టేషన్‌లో వైరింగ్ తప్పు వల్లే ఇలాంటి ఘటన జరిగింది. అప్పుడే సరిదిద్ది ఉంటే బహానగా ప్రమాదం జరిగేది కాదని నివేదిక చెప్పింది. ఇది చాలదన్నట్టు 2023 ఫిబ్రవరిలో మైసూరు డివిజన్‌లోని హోసదుర్గ రోడ్ స్టేషన్‌లో సంపర్క్‌క్రాంతి ఎక్స్‌ప్రెస్‌కు సిగ్నల్ ఒక దారి చూపిస్తే పాయింటు (రైలును ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించేది) ఇంకో దారికి పెట్టి ఉంది. లోకోపైలట్ గమనించి ఆపాడు. నైరుతి రైల్వే ఉన్నతాధికారి ఒకరు దీని మీద హెచ్చరిస్తూ లేఖ కూడా రాశారు. అంటే రిపోర్టు ఉంది, ప్రమాదం ఎలా జరగబోతుందో అందులో ఉంది. అది వేరే జోన్ ఫైల్లో ఉంది, అంతే తేడా. ప్రమాదం జరిగాక సీబీఐ కొన్ని వారాల్లోనే ముగ్గురు ఉద్యోగులను అరెస్టు చేసింది.

ఆ ఏడాదే అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర విశాఖ-రాయగడ ప్యాసింజర్ ముందున్న పలాస ప్యాసింజర్‌ను వెనక నుంచి ఢీకొంది. రాయగడ, గుణుపురం వైపు వాళ్లకు ఈ రైలు ఎంత దగ్గరిదో చెప్పక్కర్లేదు. పాడైన ఆటోమేటిక్ సిగ్నల్ దగ్గర పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు ఆగి, ఆ తర్వాత గంటకు 10 కిలోమీటర్ల లోపు వేగంతో వెళ్లాలి. లోకోపైలట్ అలా చేయలేదని ప్రాథమిక విచారణలో రాశారు. ఆయన, ఆయన సహాయకుడు ఇద్దరూ ఆ ప్రమాదంలోనే పోయారు. ఆ నిబంధన రోజూ ఎంతమంది పాటిస్తున్నారు? పాటించలేకపోతే ఎందుకు? సిగ్నల్ దాటానని సొంతంగా ఒప్పుకున్న లోకోపైలట్ ఉద్యోగానికే ఎసరు వచ్చే చోట ఈ ప్రశ్నకు నిజమైన జవాబు రాదు. అమెరికాలో 1976 నుంచి పైలట్లు తమ పొరపాట్లను నాసాకు రహస్యంగా రాసి పంపుతున్నారు. పేరు తీసేస్తారు, విషయం మాత్రం అందరికీ చేరుతుంది. విమానాలు నడిపే సంస్థ, శిక్షించే సంస్థ కాకుండా మూడో సంస్థకు ఆ పని అప్పగించారు. కిటుకంతా అక్కడే ఉంది.

రోడ్డు మీద ఇదే భయం ఇంకో రూపంలో ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవర్ 24 గంటల్లోపు పోలీసులకు చెప్పాలి. కొత్త సంహితలోని 106(2) చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు అంది. 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగారు, పెట్రోల్ బంకుల దగ్గర క్యూలు కట్టి మనం వాళ్లను తిట్టుకున్నాం. నా అభిప్రాయంలో వాళ్ల టెన్షన్‌కు అర్థం ఉంది. జనం చేతికి చిక్కితే ప్రాణాలతో ఉంటామో లేదో తెలియని వాడికి రిపోర్టు చేయమని మాత్రం చెప్పి, చేసినవాడికి రక్షణ చెప్పకపోతే ఎలా? చివరికి మిగతా చట్టం జూలై 1 నుంచి అమల్లోకి వచ్చినా ఆ ఒక్క ఉపవిభాగాన్ని మాత్రం పక్కన పెట్టారు.

సరిహద్దు వల్ల వచ్చే చిక్కు వేరే. ఇచ్ఛాపురం మనిషికి గిరిసోల దాటాక బరంపురం దారిలో ప్రమాదం జరిగితే కేసు ఒడిశాలో, కుటుంబం ఆంధ్రాలో. అక్కడి కాగితం ఒడియాలో ఉంటే ఇంట్లో వాళ్లకు చదవడం రాదు. తెలియాల్సిన సంగతులు మూడున్నాయి. ప్రమాదం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చు. నష్టపరిహారం కేసు తాము ఉంటున్న ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కు, బీమా కంపెనీకి పంపాలి. ఇవి మంచి మార్పులే. కానీ అన్నీ పరిహారం వైపు చూసేవే.

నీటి మీద సంగతి ఇంకా అన్యాయం. 2021 మేలో హైదరాబాద్ నుంచి చిత్రకొండ వైపు ఇళ్లకు తిరిగి వెళ్తున్న వలస కూలీల నాటు పడవలు సీలేరు రిజర్వాయర్‌లో రాత్రిపూట మునిగి ఎనిమిది మంది గల్లంతయ్యారు. ఆ ఏడాదే దేశానికి కొత్త అంతర్గత జలరవాణా నౌకల చట్టం వచ్చింది. రాత్రి చీకట్లో గట్టు దాటే నాటు పడవ దాకా అది వచ్చిందంటే నేను నమ్మను.

అమెరికాలో రోడ్డు, రైలు, విమానం, ఓడ అన్నిటికీ 1967 నుంచి ఒకే దర్యాప్తు బోర్డు ఉంది. మన దగ్గర కాకోద్కర్ కమిటీ 2012లో చట్టబద్ధమైన రైల్వే భద్రతా అథారిటీ కావాలంది, రోడ్లకు అలాంటి దర్యాప్తు సంస్థ లేదు. అది వచ్చేదాకా ఆగకుండా చేయగలిగిన పని ఒకటుంది. రాయగడ కేంద్రంగా కొత్త రైల్వే డివిజన్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. పట్టాలు తనిఖీ చేసే కీమ్యాన్, గేట్‌మ్యాన్, స్టేషన్ మాస్టర్ తమ పేరు రాయకుండా తెలుగులోనో ఒడియాలోనో చిన్న ఘటనలు తెలియజేసే ఏర్పాటు అక్కడ మొదటి రోజు నుంచే పెట్టొచ్చు. ఆ చిట్టీలు డివిజన్ అధికారి టేబుల్ మీదకు కాకుండా నేరుగా భద్రతా కమిషనర్‌కు వెళ్లాలి. వాటి మీద ఏం చేశారో మూడు నెలలకోసారి స్టేషన్ నోటీసు బోర్డులో అంటించాలి.