ఎమ్డెన్‌కు ఎన్ని పొగగొట్టాలు?

తమ ఊరిమీద గుండ్లు కురిపించిన ఓడను ఆ ఊరివాళ్లే చందాలు వేసుకుని తయారు చేయడానికి చాలా పెద్ద మనసు ఉండాలి. చెన్నైలో మా అపార్ట్‌మెంటులోని తెలుగువాళ్లకు అది పుష్కలంగా ఉంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు రేవు ముందుకొచ్చి, సెర్చిలైట్లు వేసి, సుమారు 130 గుండ్లు పేల్చి, బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులు రెండింటిని తగలబెట్టి వెళ్లిపోయింది. ఆ సంగతి చెప్పే శిలాఫలకం హైకోర్టు ప్రహరీ దగ్గర ఉంది. దాన్ని చూడాలంటే ఎండలో నిలబడాలి. అందుకని మేము ఏసీ గదిలో కూర్చుని నమూనా అతికిస్తాం.

స్కేలు 1:350. అసలు ఓడ పొడవు 118 మీటర్లు, మాది 34 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అసలు ఫిరంగులు పది, ఒక్కోదాని నోరు పదిన్నర సెంటీమీటర్లు. ఈ లెక్కన మా ఫిరంగి నోరు 0.3 మిల్లీమీటర్లు. అందులో రంధ్రం సరిగ్గా పడిందా లేదా అని మా కోశాధికారి గారు భూతద్దం పెట్టి పరీక్షిస్తారు. లిఫ్టు పక్క గోడలో చెయ్యి పట్టేంత పగులు ఆయనకు ఇంతవరకు కనబడలేదు, అది 1:1 స్కేలులో ఉండడం వల్ల కావచ్చు. ఇక్కడి ఉప్పుగాలికి మా బాల్కనీ గ్రిల్లులు ఉచితంగానే తుప్పు పడతాయి. ఓడమీది తుప్పును మాత్రం డబ్బాల్లో తెప్పించి, సన్న కుంచెతో పూస్తాం.

సంఘాన్ని నిలువునా చీల్చింది పొగగొట్టాల సమస్య. ఎమ్డెన్‌కు ఉన్నవి మూడు. దూరం నుంచి చూసేవాళ్లు బ్రిటిష్ నౌక యార్మత్ అనుకోవాలని కెప్టెన్ ఫాన్ ముల్లర్ నాలుగో గొట్టం ఒకటి దొంగది కట్టించాడు. 1914 అక్టోబరు 28న అదే వేషంతో పెనాంగ్ రేవులోకి దూరి, రష్యన్ క్రూయిజర్ జెమ్‌చుగ్‌ను ముంచాడు. మరి మద్రాసు నమూనాకు ఎన్ని పెట్టాలి? మూడు గొట్టాల వర్గం, నాలుగు గొట్టాల వర్గం ఇప్పటికీ ఒకే లిఫ్టు ఎక్కరు. ఆ రాత్రి రేవులో ఉన్నవాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తారే తప్ప గొట్టాలు లెక్కపెట్టలేదు. అంత బాధ్యతారాహిత్యం చూపిన సాక్షులను చరిత్ర క్షమించదని ఇరువర్గాలూ అంగీకరించాయి. చివరికి నాలుగోదాన్ని అయస్కాంతంతో అతికించారు. ఉదయం మూడు, సాయంత్రం నాలుగు.

తర్వాత దూరం సంగతి వచ్చింది. ఎమ్డెన్ దాదాపు 3,000 గజాల దూరం నుంచి కాల్చింది. స్కేలు ప్రకారం అది ఎనిమిది మీటర్లకు కాస్త తక్కువ. మా కార్యదర్శి గారి హాలు అందులో సగం ఉంటుంది. ఓడ ఆయన టీవీ బల్లమీద నిలబడితే చమురు ట్యాంకులు ఎదురింటివారి వంటగదిలో ఉండాలి. ఆయన వెళ్లి అడిగారు.

"మీ యుద్ధానికి మా వంటిల్లే దొరికిందా అండీ?" అన్నారు ఎదురింటావిడ.

గ్యాస్ పొయ్యి పక్కన చమురు ట్యాంకులుంటే దృశ్యం సహజంగా ఉంటుందని ఈయన నచ్చజెప్పబోయారు. ఆవిడ తలుపు వేసేసుకున్నారు. అంతటితో ట్యాంకులను ప్రణాళిక నుంచి తొలగించారు. ఎవరూ బాధపడలేదు. ట్యాంకు అంటే ఏముంది, ఉత్త డబ్బా. దానికి ఫిరంగీ లేదు, జెండా లేదు, అతికించుకునే ముక్కల కిట్ అసలే లేదు.

మనుషులకైతే కిట్ ఉంది. ఈ స్కేలులో మనిషి అయిదు మిల్లీమీటర్లుంటాడు. ఇత్తడి రేకులో కత్తిరించిన జర్మన్ నావికులు ప్యాకెట్లలో దొరుకుతారు. పట్టుకున్న వర్తక నౌకల సిబ్బందిని ముల్లర్ ఎంత మర్యాదగా చూసుకున్నాడో, బ్రిటిష్ పత్రికలే అతన్ని ఎలా మెచ్చుకున్నాయో చెప్పేటప్పుడు మా కార్యదర్శి గారి గొంతు పూడుకుపోతుంది. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ ఎమ్డెన్‌ను ఛిద్రం చేసిన రోజును మేము దాదాపు సంతాపదినంగా పాటిస్తాం. మరి మద్రాసులో చనిపోయిన ఆ కొద్దిమంది? రేవులో గుండు తగిలిన చుప్రా అనే ఓడ? అడిగాను. "వాళ్లు ప్యాకెట్లలో రారండీ" అన్నారు కోశాధికారి గారు, నిజంగానే నొచ్చుకుంటూ.

దాడి తర్వాత వేలమంది మూటాముల్లె సర్దుకుని పట్నం వదిలిపోయారు. ఆ జనాన్ని, ఎడ్లబండ్లను చేద్దామని ఒక కాలేజీ కుర్రవాడు ప్రతిపాదించాడు. బండి ఒక సెంటీమీటరు, అగ్గిపుల్లలతో అయిపోతుంది, ఖర్చు కూడా లేదు. "బండ్లా? అందులో చరిత్ర ఏముంది నాయనా, మా తాత కూడా బండిలోనే తిరిగేవాడు" అని పెద్దలు తోసిపుచ్చారు.

ఈసారి ఎమ్డెన్‌ను దసరా బొమ్మల కొలువులో, దశావతారాల కింది మెట్టుమీద పెట్టబోతున్నారు. పక్కనే పప్పులు, బియ్యం అమ్ముకునే శెట్టి దంపతుల బొమ్మ ఉంటుంది. మొత్తం ప్రదర్శనలో మద్రాసు పౌరులంటూ కనిపించేది ఆ ఇద్దరే. పదిహేను సెంటీమీటర్ల బొమ్మలు కాబట్టి స్కేలు ప్రకారం ఒక్కొక్కరూ యాభై మీటర్లకు పైమాటే. అంత ఎత్తున్న శెట్టిగారు ఓడవైపు చూడకుండా త్రాసు పట్టుకుని కూర్చోవడం చారిత్రకంగా తప్పని నాలుగు గొట్టాల వర్గం అభ్యంతరం చెప్పింది. పరిశీలిస్తున్నారు.

వచ్చే ఏడు రెండో ప్రపంచయుద్ధాన్ని తీసుకుందామని నేనే సూచించాను. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ భయానికి ఆ నెలలో మద్రాసు సగం ఖాళీ అయింది. బోనులు పగిలితే క్రూరమృగాలు వీధుల్లోకి వస్తాయని సెంట్రల్ స్టేషన్ దగ్గరి జంతుప్రదర్శనశాలలో సింహాలను, పులులను కాల్చి చంపారు.

కార్యదర్శి గారి కళ్లు మెరిశాయి. "ఓడ ఏదండీ?"

"ఓడ రాలేదు."

"పోనీ విమానం?"

"ఆ నెలలో మద్రాసుమీద ఒక్క బాంబూ పడలేదండీ."

"మరి సింహాలను కాల్చింది ఎవరు?"

"మన పోలీసులే."

ఆయన కాసేపు ఆలోచించి, తీర్మానాల పుస్తకం తెరిచి, ‘కిట్ లభ్యం కానందున వాయిదా వేయడమైనది’ అని రాసుకున్నారు.