21 రోజుల గడువు పెట్టకండి

21 రోజులు ఆపకుండా చేస్తే ఏ అలవాటైనా మనదైపోతుందని అలవాట్ల మీద మీ వ్యాసంలో రాశారు. దయచేసి ఈ లెక్క తీసేయండి. 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ అయ్యాక కొత్త ముఖానికి అలవాటు పడటానికి పేషెంట్లకు కనీసం అన్ని రోజులు పడుతోందని రాసిన మాట అది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనిస్తే కొత్త అలవాటు కుదరడానికి పట్టేది సుమారు 66 రోజులని తేలింది. ఆ 12 వారాల తీరును బట్టి లెక్కగట్టిన అంచనా మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పోయింది. మధ్యలో ఒకసారి తప్పినా పెద్ద తేడా రాలేదు.

ఈ చివరి సంగతే అందరికీ తెలియాలి. హన్మకొండలో వడ్డేపల్లి చెరువు కట్ట మీద జనవరిలో నడకకు వచ్చిన జనం ఉగాదికి ఉండరు. మేడారం పోయొచ్చి నాలుగు రోజులు నడక తప్పితే ఇక మనవల్ల కాదని మానేస్తారు. బద్ధకం కాదది, గడువు దాటిందన్న నిరాశ.

కాజీపేటలో మా చిన్నాయన సిగరెట్ మానతానని ఎన్నోసార్లు ఒట్టు పెట్టుకున్నాడు. నైట్ డ్యూటీ దిగగానే చాయ్ బండి, చాయ్‌తో పాటే సిగరెట్. చివరికి వేరే గేటు నుంచి బయటికి రావడం మొదలుపెట్టాడు. చాయ్ ఇంట్లోనే, జేబులో సోంపు పొట్లం. పీటర్ గోల్‌విట్జర్ అనే సైకాలజిస్ట్ చెప్పింది కూడా ఇదే: ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తానని ముందే అనుకోవాలి. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు ఇదెలా కుదురుతుందో వచ్చేసారి వివరంగా రాయండి, చాలా ఇళ్లకు అవసరం.